కుటుంబ హోల్డింగ్ కంపెనీకి మినహాయింపు ఎంతవరకు?

ప్రశ్న: అమెరికాలో ఒకే రాష్ట్రంలో వ్యాపారం చేసే చిన్న ఇన్సూరెన్స్ కంపెనీ మా హోల్డింగ్ కంపెనీ చేతిలో ఉంది. వాటాదారులం నలుగురం, అందరం ఒకే కుటుంబం. షేర్లు మార్కెట్లో లేవు. రాష్ట్ర హోల్డింగ్ కంపెనీ చట్టం నుంచి పూర్తిగా మినహాయించమని కోరవచ్చా?

జవాబు: కోరవచ్చు గానీ పూర్తిగా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. బీమా నియంత్రణను 1945 నాటి మెకారన్-ఫెర్గసన్ చట్టం రాష్ట్రాలకే వదిలింది. రాష్ట్ర బీమా కమిషనర్ల (బీమా నియంత్రణ అధికారుల) సంఘం ఎన్‌ఏఐసీ 1969లో తెచ్చిన నమూనా చట్టాన్నే రాష్ట్రాలు కొద్దిపాటి మార్పులతో అనుసరిస్తున్నాయి. అది కాపాడేది పాలసీదారుల్ని. వాటాదారులు నలుగురైనా నాలుగు లక్షల మందైనా పాలసీదారులకు ఒకటే. పైగా లిస్టయిన కంపెనీ లెక్కలు అందరికీ కనిపిస్తాయి. మీ గ్రూపు లోపల డబ్బు ఎటు పోతోందో కమిషనర్‌కు ప్రధానంగా తెలిసేది ఏటా మీరిచ్చే రిజిస్ట్రేషన్ నివేదిక, అంటే ఫారం బి వల్లే. గ్రెగ్ లిండ్‌బర్గ్ అనే ఒక్క యజమాని చేతిలోని బీమా కంపెనీల సొమ్ము ఆయన సొంత సంస్థల్లోకే వెళ్లింది. 2019లో నార్త్ కరొలైనా ఆ కంపెనీలను కోర్టు ద్వారా తన అధీనంలోకి తీసుకోవాల్సి వచ్చింది. వాటాదారులు తక్కువైతే అడ్డుచెప్పేవాళ్లూ తక్కువే.

మినహాయింపు ఒక్కో ఫైలింగ్‌కు విడిగా ఉంటుంది. ఏడాది ప్రీమియం కంపెనీకి 50 కోట్ల డాలర్లు, గ్రూపు మొత్తానికి 100 కోట్ల డాలర్ల లోపు ఉంటే ఓర్సా నివేదిక (తన రిస్కులను, వాటిని తట్టుకునే ఆర్థిక సత్తాను కంపెనీ తానే అంచనా వేసుకునే నివేదిక) అక్కర్లేదు. గ్రూపులో ఒక్కటే బీమా కంపెనీ ఉండి, అది సొంత రాష్ట్రంలోనే వ్యాపారం చేస్తూ, ఇతర బీమా కంపెనీల రిస్కు తీసుకోకపోతే గ్రూపు మొత్తానికి ఎంత మూలధనం ఉందో చూపే గ్రూప్ క్యాపిటల్ లెక్క కూడా ఇవ్వనక్కర్లేదు. మీకు ఈ రెండూ వర్తించవచ్చు. ఫారం బిలో కూడా, ఆస్తుల్లో అర శాతానికి మించని లావాదేవీని మామూలుగా చూపనక్కర్లేదు. అంతకుమించి కావాలంటే ఏ సమాచారం, ఎందుకు అనవసరమో విడివిడిగా రాసి కమిషనర్ ఉత్తర్వు కోరండి. ‘చిన్న కంపెనీ’ అన్న ఒక్క కారణం నిలబడదు.

చిన్న గ్రూపులు ఎక్కువగా దొరికిపోయేది ఫారం డి దగ్గర, అంటే గ్రూపు లోపలి ఒప్పందాలకు ముందే ఇవ్వాల్సిన నోటీసు దగ్గర. మేనేజ్‌మెంట్ ఒప్పందం, ఖర్చుల పంపకం, ట్యాక్స్ పంపకం ఒప్పందాలకు మొత్తం ఎంతైనా సరే, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ‘రెండు కంపెనీలూ మనవే కదా’ అని ట్యాక్స్ ఒప్పందాన్ని కాగితం మీద పెట్టకుండానే ఏళ్ల తరబడి నడిపేస్తారు. తనిఖీలో మొదట అడిగేవాటిలో ఆ కాగితం ఒకటి.

ప్రశ్న: నా షేర్లలోంచి హోల్డింగ్ కంపెనీలో 12 శాతం వాటాను మా అబ్బాయికి గిఫ్ట్‌గా ఇవ్వాలనుకుంటున్నాను. అనుమతి కావాలా?

జవాబు: కావాలి. వోటింగ్ షేర్లు 10 శాతానికి చేరితే కంట్రోల్ ఉన్నట్టే చట్టం భావిస్తుంది. అలబామాలో 5 శాతానికే. అది హోల్డింగ్ కంపెనీ షేర్లకూ వర్తిస్తుంది. దారులు మూడు. కంట్రోల్ మారడం లేదని చూపి ఫారం ఎ (కంట్రోల్ పొందడానికి అనుమతి కోరే దరఖాస్తు) నుంచి మినహాయింపు కోరడం మొదటిది. బదిలీకి ముందు, తర్వాత ఎవరికెంత అన్న పట్టిక, వాటాదారుల ఒప్పందం, ట్రస్టు ఉంటే దాని పత్రం జతచేయండి. అబ్బాయికి నిర్వహణలో ఏ పాత్రా లేకపోతే, కంట్రోల్ లేదని డిస్‌క్లెయిమర్ వేయడం రెండోది. డైరెక్టర్‌గా ఉన్నా, మీ ఇద్దరూ కలిసి ఓటు వేస్తామని ఒప్పందం ఉన్నా అది నిలవడం కష్టం. మూడోది పూర్తి ఫారం ఎ: జీవిత వివరాల అఫిడవిట్, 5 ఏళ్ల ఆర్థిక వివరాలు, కంపెనీని ఎలా నడుపుతారన్న ప్రణాళిక, ఆపై విచారణ.

ట్రస్టులో పెడితే బయటపడతామనుకోకండి. ఓటు ఎవరి చేతిలో ఉంటే కంట్రోల్ వాళ్లదే, అంటే ట్రస్టీది. ట్రస్టీ చనిపోయి ఆ స్థానంలోకి కొత్త ట్రస్టీ వస్తే మళ్లీ అనుమతి కావాలి. ఆ తర్వాతి ట్రస్టీ పేరు ట్రస్టు పత్రంలో ఇప్పుడే రాయండి. గిఫ్ట్ డీడ్‌లోనూ ‘కమిషనర్ ఉత్తర్వు అందాకే బదిలీ అమల్లోకి వస్తుంది’ అన్న షరతు పెట్టండి. సంతకాలై, షేర్లు మారాక దరఖాస్తు వేస్తే అది అనుమతి లేని కొనుగోలు కిందే లెక్క.