బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, బాడుగ 20 వేలలోపు: ఆర్మీ ఓనరుకు టోకెన్ పంపొచ్చా?

పంపొద్దండీ. టోకెన్ అన్నా, గేట్ పాస్ అన్నా ఇల్లు చూడకముందు ఒక్క రూపాయి కూడా వద్దు.

మీకు కనపడిన ప్రకటన ఇదీ: ఐటీపీఎల్ (వైట్‌ఫీల్డ్‌లోని ఐటీ పార్కు) పక్కనే ఫర్నిచర్‌తో సహా డబుల్ బెడ్‌రూమ్, బాడుగ 16 వేలు. ఓనరు ఆర్మీలో ఉన్నాడు, వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఇల్లు చూడాలంటే ముందు గేట్ పాస్‌కి డబ్బు కట్టాలి, లోపలికెళ్లాక తిరిగిస్తాడు. మీరు రాసిన ఈ కథ బెంగళూరులో ఇల్లు వెతికినవాళ్లు చాలామంది విన్న మోసమే. ఒక్కోసారి ఆర్మీ బదులు సీఐఎస్ఎఫ్ (కేంద్ర భద్రతా దళం) అంటారు, అంతే తేడా. అడక్కుండానే ఐడీ కార్డు, ఆధార్ వాట్సాప్‌లో వచ్చేస్తాయి. అనుమానం రావాల్సింది అక్కడే. అసలు ఓనరు మీ ఆధార్ అడుగుతాడు గానీ తనది పంపడు. యూనిఫాం ఫొటో చూస్తే మనకు గట్టిగా ప్రశ్నలు వేయబుద్ధి కాదు, పైగా ‘పోస్టింగ్‌లో ఉన్నా’ అంటే మనిషి ఎదురుగా రాకపోవడానికీ సాకు దొరుకుతుంది.

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి విషయంలో ఇలాగే జరిగింది. ‘ఆర్మీ అకౌంట్ వెరిఫై కావాలి, ఒక్క రూపాయి పంపు’ అన్నారు. పంపితే రెండు రూపాయలు తిరిగొచ్చాయి. దాంతో నమ్మకం కుదిరింది. తర్వాత ‘అడ్వాన్సు రీఫండ్’ పేరుతో క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నారు. పిన్ కొట్టాడు, అకౌంటు ఖాళీ అయింది. యూపీఐలో మనకు డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు, పిన్ అడిగిందంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతోందనే. ఒకవేళ మీరు ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అవతలివాడు డబ్బు డ్రా చేసుకునేలోపు చెబితేనే బ్యాంకు దాన్ని ఆపగలదు.

ఇక 20 వేలలోపు ఇల్లంటారా, దొరుకుతుంది. కానీ ఐటీపీఎల్ గేటు పక్కన వెతక్కండి. 2023లో మెట్రో పర్పుల్ లైన్ కాడుగోడి దాకా పూర్తయ్యాక ఆఫీసు పక్కనే ఉండాల్సిన పని తప్పింది. కె.ఆర్. పురం, గరుడాచార్‌పాళ్య, హూడి, సీతారాంపాళ్య స్టేషన్ల వెనక సందుల్లో తిరగండి. అక్కడంతా కింద ఓనరు, పైన రెండు మూడు అంతస్తులు బాడుగకిచ్చే చిన్న బిల్డింగులు. జిమ్ము, స్విమ్మింగ్ పూల్ ఉండవు, వాటికి కట్టే మెయింటెనెన్సూ ఉండదు. వీటిలో చాలావరకు యాప్‌లలో కనపడవు. గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతూ ఉంటుంది, లేదంటే సందు చివర కిరాణా కొట్టాయనకు తెలిసుంటుంది. మా ఇల్లు ఇస్త్రీ బండాయన చెబితే దొరికింది, బ్రోకరుకి ఇవ్వాల్సిన నెల బాడుగ మిగిలింది. ఆ పక్క పాత ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మొహమాటపడకుండా తెలుగులోనే పలకరించండి, బేరం కాస్త మెత్తబడుతుంది.

ఇల్లు నచ్చినా వెంటనే అడ్వాన్సు చేతిలో పెట్టొద్దు. పైఅంతస్తులో ఉన్నవాళ్లను నీళ్ల గురించి అడగండి: కావేరి కనెక్షనా, బోరా, ట్యాంకరా, ఎండాకాలంలో ఎలా ఉంటుంది అని. ఓనరు చెప్పేది వేరేగా ఉంటుంది. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయినప్పుడు తక్కువ బాడుగ అని సంబరపడ్డవాళ్లు ట్యాంకర్లకు ఎంత పోశారో నేను చూశాను.

తర్వాత కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు చూపించమనండి. వాటి మీద పేరు, మీరు డబ్బు వేయబోయే అకౌంటు పేరు ఒకటేనా చూసుకోండి. యూపీఐలో పంపే ముందు అవతలి పేరు తెర మీద కనపడుతుంది కదా, తొందరలో దాన్ని దాటేయొద్దు. ‘మా బావమరిది అకౌంటుకి వేయండి’ అంటే వేయొద్దు. అసలు ఓనరు నొచ్చుకోడు, నొచ్చుకుంటే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు.

అడ్వాన్సు ఇక్కడ ఒకప్పుడు పది నెలల బాడుగ ఉండేది, ఇప్పుడు ఐదారు నెలలు అడుగుతున్నారు, బేరమాడితే తగ్గుతుంది. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో రెండు నెలలే అని ఉంది గానీ అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే, దాన్ని చూపించి వాదిస్తే ఓనరు నవ్వుతాడు. మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది అగ్రిమెంటులో రాత గురించి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో ఎంత కోస్తారు (ఒక నెల బాడుగ ఇక్కడి మామూలు), మిగతాది తాళాలిచ్చిన రోజే ఇస్తారా అన్నవి నోటిమాటగా వదిలేయకండి. చేరిన రోజే గోడలు, నల్లాలు, గీజరు అన్నీ వీడియో తీసి ఓనరుకే వాట్సాప్ చేసేయండి.

‘లీజు’ బోర్డులూ కనపడతాయి. లక్షల్లో ఒకేసారి కడితే నెలనెలా బాడుగ ఉండదు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఇంటి మీద బ్యాంకు లోనుండి ఓనరు అది కట్టకపోతే మీ లక్షలు ఇరుక్కుంటాయి. మధ్యలో ఏజెన్సీ ఉంటే ఇంకా ఘోరం: మీ దగ్గర లీజు సొమ్ము తీసుకుని, ఓనరుకి నెలకింత అని నాలుగు నెలలు కట్టి మాయమైపోతారు. ఓనరు వచ్చి మిమ్మల్ని ఖాళీ చేయమంటాడు. కొత్తగా వచ్చినవాళ్లకు లీజు జోలికి పోవద్దనే చెబుతాను.

ఊర్నుంచి ఫోన్లోనే ఇల్లు కుదుర్చుకునే ఆలోచన మానేసి, మొదటి నెల హూడి పక్కనో కుందలహళ్లిలోనో పీజీ హాస్టల్లో దిగండి. ఆంధ్రా భోజనం పెట్టేవి బోలెడు. సాయంత్రాలు నడుస్తూ వెతుక్కోవచ్చు. మీ ఆఫీసు ఏ స్టేషన్‌కి దగ్గరో రాస్తే ఏ సందులు చూడాలో చెబుతాను.