రాయికి ముందు నంబరు, ఆ తర్వాతే మ్యాప్

ప్రశ్న: మేం నలుగురు మిత్రులం ఆదివారాలు హైదరాబాద్ చుట్టుపక్కల పాతకాలపు నిలువురాళ్లు, రాకాసి గుళ్లు (పెద్ద బండలతో కట్టిన ఆదిమకాలపు సమాధులు), వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా బొమ్మలు చెక్కి నిలిపిన రాళ్లు) వెతుక్కుంటూ తిరుగుతాం. ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులో పోగుపడ్డాయి. వాటిని మ్యాప్ మీద పెట్టి అందరికీ చూపించాలని ఉంది మేడమ్. ఏ యాప్ మంచిది? ఫోన్‌తో త్రీడీ తీయొచ్చా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: యాప్ సంగతి తర్వాత. ముందు ఫొటోలను వాట్సాప్ నుంచి కాదు, తీసిన ఫోన్ల నుంచే తెచ్చుకోండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది, ఎక్కడ తీశారన్న వివరమూ పోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ఆ తర్వాత రాయికొక నంబరు వేయండి. ‘హనుమాన్ల గుడి పక్క రాయి’ అంటే ఊరికొకటి ఉంటుంది. ఫొటోకీ, నోటుబుక్కులోనూ, ఎక్సెల్‌లోనూ అదే నంబరు. వరుసకు ఒకే రాయి: ఎత్తు, దిక్కు, ఎవరు ఎప్పుడు చూశారు, ఊరివాళ్లు ఏం చెప్పారు. విసుగు పుట్టించే పనే. కానీ నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునిగాక, 1954-60 మధ్య తవ్వినవాళ్లు రాసిపెట్టిన ప్లాన్లే లేకపోతే, తరలించిన కట్టడాలు అసలు ఎక్కడ ఉండేవో కూడా మనకు తెలిసేది కాదు.

పట్టిక కుదిరితే మ్యాప్ తేలికే. కంప్యూటర్‌లో మ్యాప్‌లు చేసే క్యూజీఐఎస్ ఉచితం, నేనూ అదే వాడతాను. ఒక్క తిరకాసుంది. చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతి భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా విడగొడుతుంది. హైదరాబాద్ 44వ జోన్‌లో ఉంది, నిలువురాళ్లకు పేరున్న నారాయణపేట జిల్లా ముడుమాల్ 43లో ఉంది. కాబట్టి చోటును అక్షాంశ, రేఖాంశ డిగ్రీల్లోనే దాచుకోండి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, పక్కపక్క రాళ్ల మధ్య దూరం మాత్రం టేపుతోనే కొలవండి.

అందరికీ చూపించే విషయంలో నేను మొండిదాన్ని. కచ్చితమైన చోటు బయటపెట్టొద్దు. గుప్తనిధుల పిచ్చితో రాత్రికి రాత్రే తవ్వేసేవాళ్లున్నారు. పూర్తి వివరం మీ ఫైలులో ఉండనివ్వండి, జనం చూసే మ్యాప్‌లో మండలం పేరు చాలు. పెట్టే ఫొటోల్లోంచి లొకేషన్ తీసేయండి. యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ముడుమాల్ లాంటివి ఎలాగూ అందరికీ తెలుసు, వాటిని దాచి లాభం లేదు.

త్రీడీ ఫోన్‌తోనే తీయొచ్చు. రాయి చుట్టూ తిరుగుతూ, ప్రతి ఫొటోలో ముందు ఫొటో సగానికిపైగా కలిసేలా తీయండి. పక్కన స్కేలు పెట్టండి, లేకపోతే మోడల్‌లో అసలు ఎత్తు తెలియదు. ఆ ఫొటోలను కలిపి మోడల్ చేసే మెష్‌రూమ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ మంచి గ్రాఫిక్స్ కార్డు అడుగుతుంది. ఉత్త నిలువురాయికి ఇంత శ్రమ అక్కర్లేదని నా ఉద్దేశం. అరిగిన వీరగల్లుకైతే తప్పక చేయండి: స్క్రీన్ మీద వెలుతురును పక్కనుంచి పడేలా తిప్పితే కంటికి ఆనని గీతలు తేలతాయి. అక్షరాలు కనిపించాలని సున్నమో సుద్దో మాత్రం పూయకండి.