గోకుతోంది కానీ గుడ్లు పెట్టడం లేదు: సమాధానం

మీ ఆడ బియర్డెడ్ డ్రాగన్‌కు (పెంపుడు బల్లి జాతి) గుడ్లు పెట్టే చోటు నచ్చక ఆపుకుంటున్నట్టుంది. జత కట్టి ఐదు వారాలైందని, పొట్టలో గోళీల్లా తగులుతున్నాయని, తిండి తగ్గించి గాజు మూలను గోకుతోందని రాశారు. గుడ్లు సిద్ధమైనప్పుడు కనిపించే గుర్తులే ఇవి.

1. మగదాన్ని ఇప్పుడే వేరే తొట్టెలోకి మార్చండి.

2. గుడ్లు పెట్టేందుకు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో ఇసుక, ఎరువు కలపని మట్టి సమంగా కలిపి 25–30 సెంటీమీటర్ల లోతు నింపండి.

3. చాలామంది వదిలేసేది తడి. పొడి ఇసుకలో సొరంగం కూలిపోతుంది, కూలితే అది తవ్వడం మానేస్తుంది. పిడికెడు తీసి నొక్కండి: ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. తర్వాత ఒక మూల నుంచి ఏటవాలుగా చెయ్యి పట్టేంత సొరంగం మీరే తవ్వండి. పైకప్పు రాలితే ఇంకాస్త నీళ్లు కలిపి గట్టిగా అదమండి.

4. ఆడదాన్ని డబ్బాలోకి వదిలి, చుట్టూ గుడ్డ కట్టండి. ఎంత ఆత్రంగా ఉన్నా మాటిమాటికీ తొంగిచూడకండి, మనిషి కనబడితే తవ్వడం ఆపేస్తుంది.

5. గుడ్లు పెట్టాక వాటిని అటూ ఇటూ తిప్పకుండా, పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి 28–29 డిగ్రీల సెల్సియస్ ఇంక్యుబేటర్‌లో (గుడ్లు పొదిగే వెచ్చని పెట్టెలో) ఉంచండి. తల్లికి నీళ్లు, కాల్షియం చల్లిన మేత ఇవ్వండి.

డబ్బా అమర్చాక కూడా ఒకటి రెండు రోజుల్లో పెట్టకపోయినా, కాళ్లు వణికినా, సోలిపోయినా ఆగకండి. సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. పొట్ట నొక్కి గుడ్లు తీయాలని మాత్రం చూడకండి. లోపల చిట్లితే దాని ప్రాణానికే ముప్పు.