మైనరు రాసిన ప్రోనోటుకు తండ్రి బాకీ పడతాడా?

ప్రశ్న: మాకు కడపలో ఏడురోడ్ల దగ్గర టైలరింగ్ షాపు ఉంది. మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం, పదహారేళ్లు. కాలేజీ అయ్యాక స్నేహితులతో ఒక గేమింగ్ సెంటరుకు పోయేవాడట. గంటకు 60 రూపాయలు, చేతిలో లేకపోతే ఖాతా రాసుకునేవారట. గేమ్‌లో గన్ స్కిన్ల (తుపాకులకు వేసే రంగుల హంగుల) కోసం యూసీ, అంటే గేమ్‌లో చెల్లే డబ్బు కూడా వాళ్లే కొనిచ్చారు. పందెం మ్యాచుల్లో ఓడింది వేరే. ఇప్పుడు అన్నీ కలిపి, నూటికి మూడు రూపాయల వడ్డీ వేసి, 38,000కు మావాడితో ప్రోనోటు రాయించుకున్నారు. వాడి ఫోనూ పెట్టుకున్నారు. నన్ను జామీను సంతకం పెట్టమంటున్నారు. లేకుంటే కాలేజీలో చెప్తాం, కోర్టుకు లాగుతాం అంటున్నారు. నేను కట్టాల్సిందేనా? ఆ సెంటరును మూయించవచ్చా?
– ఒక తండ్రి, కడప

జవాబు: మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, చెక్కు ఇవ్వొద్దు, ఫోన్‌పేలో వెయ్యి రూపాయలైనా కొట్టొద్దు. ఈ రోజు వరకు ఆ బాకీ మీది కాదు. జామీను సంతకం పెట్టిన రోజు అది మీదవుతుంది. అసలు అప్పు తీసుకున్నవాడు మైనరైనా జామీనుదారుడి దగ్గర వసూలు చేసుకోవచ్చని చెప్పిన పాత తీర్పులున్నాయి. వాళ్లు మీ సంతకం కోసం ఇంత పట్టుపడుతున్నారంటే, మీవాడి నోటు విలువెంతో వాళ్లకూ తెలుసన్నమాట.

ఆ నోటు ఫొటో పంపారు కదా, చూశాను. అచ్చు ఫారం, రెవెన్యూ స్టాంపు, దాని మీద మీవాడి సంతకం. వయస్సు దగ్గర 19 అని ఉంది. ఆ అంకె ఒక దస్తూరీ, సంతకం మరో దస్తూరీ. ఎవరు రాసినా, ఒకవేళ మీవాడే పందొమ్మిది అని చెప్పినా, పెద్ద తేడా రాదు. పద్దెనిమిదేళ్లు నిండనివాడు ఒప్పందం చేసుకోలేడని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. కలకత్తాలో ధర్మోదాస్ ఘోష్ అనే కుర్రాడు మైనరుగా ఉండగా వడ్డీ వ్యాపారికి ఇళ్లు తాకట్టు పెట్టిన కేసులో, అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని ఆనాటి పై కోర్టు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1903లో తేల్చింది. నేటికీ మన కోర్టులు దాన్నే పాటిస్తున్నాయి. ప్రోనోటు సంగతి ప్రత్యేకంగా చూస్తే, మైనరు సంతకం చేసిన నోటు అతణ్ని మాత్రం కట్టిపడేయదని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 26వ సెక్షన్ అంటోంది. మీవాడి పదో తరగతి మార్కుల మెమో బయటికి తీసి జిరాక్సులు తీసిపెట్టుకోండి. పుట్టిన తేదీకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక మినహాయింపు చెప్పాలి. మైనరు చేతిలో ఆ లావాదేవీ వల్ల వచ్చిన లాభం ఇంకా మిగిలి ఉంటే, దాన్ని తిరిగి ఇమ్మని కోర్టు అనవచ్చు. అయితే ఆడేసిన గంటలు, ఖర్చయిపోయిన యూసీ ఎలా తిరిగిస్తారు? అన్నం, బట్ట, చదువు లాంటి అవసరాలకు అప్పు ఇచ్చినవారు మైనరు సొంత ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు. గన్ స్కిన్‌ను అవసరం అని ఒప్పించే వకీలు దొరకడం కష్టం.

ఇక తండ్రి సంగతి. మీరే మీవాణ్ని పంపి మీ తరఫున అప్పు చేయించి ఉంటే తప్ప వాడి బాకీ మీ మీద పడదు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలనే బాధ్యత పాత హిందూ న్యాయంలో ఉండేది. 2005 సవరణ తర్వాత చేసిన అప్పులకు అదీ పోయింది. కొడుకు అప్పు తండ్రి తీర్చాలని మాత్రం ఎన్నడూ లేదు.

జాగ్రత్త పడాల్సింది మరో రెండేళ్ల తర్వాత. మీవాడికి పద్దెనిమిది నిండగానే పిలిచి, పాత లెక్కకే కొత్త నోటు రాయించుకోవడం కొందరికి అలవాటు. పాత చెల్లని అప్పును మేజరయ్యాక ఒప్పుకున్నా చెల్లదు. కానీ కొత్తగా ఒక ఐదు వేలు చేతిలో పెట్టి రెండూ కలిపి రాయిస్తే తగాదా చిక్కుపడుతుంది. ఈ మాట మీవాడికి ఇప్పుడే చెప్పండి.

పందెం డబ్బు వేరే కథ. అది పెద్దవాళ్ల మధ్య జరిగినా కోర్టులో వసూలు కాదు, కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ఒప్పుకోదు. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా రాసింది, ఆడేవాణ్ని వదిలేసింది. మన రాష్ట్రం 1974 గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలనూ అందులోకి తెచ్చింది. అక్కడ మాత్రం ఆడినవారికీ శిక్ష ఉంది. కోపంలో స్టేషనుకు వెళ్లి 'మావాడు పందెం కాశాడు' అని రాసిచ్చేయకండి. ఆ ముక్క వకీలుతో మాట్లాడాకే రాయాలి.

సెంటరు మూయించే విషయంలో మీతో ఏకీభవించలేను. ఆట ఆడించడం నేరం కాదు. 2020 సెప్టెంబరులో పబ్‌జీని ఆపింది దేశ భద్రత, డేటా కారణాలు చూపి, పిల్లలు పాడవుతున్నారని కాదు. 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేమ్ పోటీలను కేంద్రం క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలూ ఇచ్చారు. మా జూనియర్లు కోర్టు క్యాంటీన్‌లో టీ తాగుతూ కూడా అవే ఆడుతుంటారు. మీవాడి తరానికి వీధి క్రికెట్ ఎంతో ఇదీ అంతే. అక్కడ తప్పు ఖాతా పుస్తకంలో ఉంది. 2021లో పబ్‌జీకి బదులు మన దేశానికని బీజీఎంఐ వచ్చినప్పుడు మైనర్లకు రోజుకు మూడు గంటలు, 7,000 రూపాయలు అని కంపెనీయే పరిమితులు పెట్టింది. సెంటరువాళ్ల ఐడీతో ఆడితే, వాళ్ల ఫోను నుంచి యూసీ కొంటే ఆ పరిమితులేవీ మీవాడి దాకా రావు.

ఫోను విషయానికొస్తే, బిల్లు మీ పేరు మీద ఉందని రాశారు. మీ వస్తువును మీవాడు తాకట్టు పెట్టలేడు. మీవాడు మైనరని, నోటు చెల్లదని, ఫోను వారంలో తిరిగివ్వాలని, బెదిరిస్తే పోలీసు ఫిర్యాదు ఇస్తానని వకీలు ద్వారా స్పీడ్‌పోస్టులో నోటీసు పంపండి. కాలేజీలో చెప్తామన్న వాట్సాప్ మెసేజీలు చెరిపేయకండి. ఫీజుకు ఇబ్బందైతే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మైనరు కాబట్టి మీ ఆదాయంతో సంబంధం లేకుండా మీవాడికి ఉచితంగా వకీలును ఇస్తారు.

ఆడిన గంటల డబ్బయినా ఇచ్చేయాలని మీకు అనిపిస్తే చట్టం అడ్డు రాదు, నేనూ వద్దనను. గంటల లెక్క వేరుగా రాయించుకుని, వడ్డీ, పందెం తీసేసి, మిగిలింది ఇవ్వండి. ముందు ఫోను, ఒరిజినల్ నోటు మీ చేతికి రావాలి. ఆ తర్వాతే డబ్బు, దానికి రసీదు.