ఫ్యాక్టోరియోలో తుక్కు ఇనుముతో మిషన్లు బాగుచేసే మోడ్ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్యాక్టరీలు కట్టే కంప్యూటర్ ఆట ఫ్యాక్టోరియోలో మామూలు రిపేర్ ప్యాక్ (మిషన్లు బాగుచేసే వస్తువు) బదులు తుక్కుతో బాగుచేసే మోడ్ (ఆటకి మనం కలిపే అదనపు కోడ్) రాయాలనుంది, ఆ కోడ్ రాసే లువా భాష కొద్దిగా వచ్చు అన్నారు. అలాంటిదే ఒకటి నేనూ, మా స్నేహితులూ ఆడుకోవడానికి 2.0 వెర్షన్ మీద రాసుకున్నాను. అందుకే చెప్తున్నాను.

కోడ్ కంటే ముందు తుక్కు ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోండి. ఆటలో ఉన్న రిపేర్ ప్యాక్ పళ్ళచక్రాలు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో తయారవుతుంది, అదే చాలా చవక. దానికంటే చవకగా ఇంకో ప్యాక్ పెడితే ఎవరికి కావాలి?

విజయనగరం జిల్లా రాజాంలో మా చిన్నాన్నకి లేత్ షాపు ఉంది. చుట్టుపక్కల రైస్ మిల్లుల నుంచి అరిగిపోయిన షాఫ్టులు వస్తుంటాయి. బేరింగ్ కూర్చునే చోట వెల్డింగ్ పోసి, లేత్ మీద తిప్పి మళ్ళీ సైజుకి తెస్తారు. సీజన్లో మిల్లు ఆగితే యజమానికి ఒకటే టెన్షన్, షాపు గుమ్మం దగ్గరే నిలబడతాడు. ఎంత తొందరైనా చిన్నాన్న మాత్రం తుక్కు కొట్టు నుంచి తెచ్చిన ప్రతి ముక్కా వాడడు. పోత ఇనుము పక్కన పడేస్తాడు, మామూలు రాడ్‌తో అతికిస్తే చల్లారేటప్పుడు పగులుతుంది. లారీ కమాను పట్టీలు కత్తులు చేసుకోవడానికి కమ్మరులు పట్టుకెళ్తారు. మెత్తటి ఇనుప ప్లేట్లు మిగిలితే వాటితో అతుకులు వేస్తాడు. "సీజన్ లాగేస్తుంది గానీ కొత్తదవదురా" అంటాడు. నా మోడ్ ఆ మాట మీదే కట్టాను. తుక్కుతో బాగుచేస్తే మిషన్ హెల్త్ 70 శాతం దాటదు. ఆ పైకి తేవాలంటే అసలు ప్యాకే వాడాలి.

తుక్కు ఎక్కడి నుంచి రావాలి? కూలిపోయిన మిషన్ నుంచే. దీనికి స్క్రిప్ట్ అక్కర్లేదు. డేటా-ఫైనల్-ఫిక్సెస్ ఫైల్లో అసెంబ్లింగ్ మిషన్లు, ఫర్నేసుల ప్రోటోటైపులన్నీ (ఒక్కో రకం మిషన్ ఎలా ఉండాలో చెప్పే నిర్వచనాలు) ఒక లూప్‌లో తిప్పి, లూట్ (ధ్వంసమైతే రాలేవి) అనే ఫీల్డులో మీ వస్తువు పేరు, ఎన్ని రావాలో రాస్తే చాలు. ఆ ఫైల్ ఆఖరి దశలో నడుస్తుంది కాబట్టి వేరే మోడ్లు తెచ్చిన మిషన్లూ లెక్కలోకి వస్తాయి. మిషన్‌ని మీరే తీసి సంచిలో వేసుకుంటే లూట్ పడదు, ధ్వంసమైతేనే పడుతుంది. అది మనకు మంచిదే.

పేరు దగ్గర జాగ్రత్త. 2024 అక్టోబర్‌లో వచ్చిన స్పేస్ ఏజ్ అనే అదనపు భాగంలో ఫుల్గోరా గ్రహం మీద తవ్వే స్క్రాప్ ఇప్పటికే ఉంది. మీరూ అదే పేరు పెడితే ఒకదాని మీద ఒకటి పడతాయి. ముందు మీ మోడ్ పేరు తగిలించండి.

వస్తువు టైపు రిపేర్-టూల్ అని పెట్టండి, వేగం, డ్యూరబిలిటీ (ఎంత వాడితే అయిపోతుందో) తక్కువ ఇవ్వండి. 70 శాతం హద్దు మాత్రం ఆట నడుస్తున్నప్పుడు పనిచేసే కంట్రోల్ ఫైల్లోనే. ఆన్-ప్లేయర్-రిపేర్డ్-ఎంటిటీ ఈవెంట్ వచ్చినప్పుడు ఆటగాడి కర్సర్‌లో ఉన్నది తుక్కేనా అని చూసి, హెల్త్ హద్దు దాటితే వెనక్కి దించండి. ఒక చిక్కుంది: అసలు ప్యాక్‌తో ముందే 90కి తెచ్చిన మిషన్‌ని ఎవరైనా తుక్కుతో తాకితే అది 70కి పడిపోతుంది. మా వాళ్ళు దాన్ని "చెడగొట్టే పనివాడు" అని నవ్వుకుని అలాగే ఉంచమన్నారు. మీకు నచ్చకపోతే పాత హెల్త్ గుర్తుపెట్టుకోవాలి.

ఇంకోటి. ఈ ఆటలో మిషన్లు నడిచినంత మాత్రాన అరగవు, ఆటలోని శత్రు పురుగులు దాడి చేస్తేనో కారు గుద్దితేనో దెబ్బతింటాయి. అరుగుదల కావాలంటే మీరే రాయాలి. కాలాన్ని బట్టి కాకుండా ప్రొడక్ట్స్-ఫినిష్డ్ (మిషన్ ఎన్ని వస్తువులు చేసిందో) అనే లెక్కను బట్టి తగ్గించండి, ఖాళీగా ఉన్న మిషన్ అరగడం బాగోదు. ఆట సెకనుకు 60 టిక్కులు (చిన్న అడుగులు) నడుస్తుంది, ప్రతి టిక్కులో ఫ్యాక్టరీ మొత్తం వెతికితే పెద్ద సేవ్‌లో ఆట ముక్కుతుంది. మిషన్ల జాబితా స్టోరేజ్‌లో (సేవ్‌తో పాటు దాచుకునే పట్టిక) పెట్టుకుని, కొన్ని టిక్కులకోసారి నడిచే ఆన్-ఎన్త్-టిక్‌తో విడతకి కొన్నే చూడండి.

ఏదైనా తేడా వస్తే ఆట ఫోల్డర్లో ఫ్యాక్టోరియో-కరెంట్ లాగ్ తెరవండి. ఏ ఫైల్లో ఏ లైనో అందులో ఉంటుంది. ఆ లైను ఇక్కడ పెడితే చూసి చెప్తాను.