బుజ్జీ, లింకులు అడిగావు కదా, ముందు ఇది చదువు

బుజ్జీ,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, నా సైన్స్ క్లాసుకి ఆన్‌లైన్లో ఫ్రీగా దొరికేవన్నీ పంపు, డౌన్లోడ్ చేస్కుని పెట్టుకుంటా" అన్నావు కదా. లింకులు పంపడం రెండు నిమిషాల పని, కానీ ముప్పై ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, ఊరికే లింకులు పడేస్తే నీకు పెద్దగా ఉపయోగం ఉండదనిపించి ఇంత రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందే వెతకడం మొదలుపెట్టకు తల్లీ. నీ క్లాసు పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో అది కాగితం మీద రాస్కో. "కరెంటు పాఠం" అని రాస్తే చాలదు, "రెండు బల్బులు వరసగా కలిపితే బ్యాటరీకి దగ్గరున్నదే ఎక్కువ వెలుగుతుంది అనుకుంటున్నారు" అని రాయాలి. అంత వివరంగా రాస్తే ఏం వెతకాలో నీకే తెలిసిపోతుంది. "టెన్త్ ఫిజిక్స్ మెటీరియల్" అని కొడితే ఫోను నిండిపోయేన్ని పీడీఎఫ్‌లు వస్తాయి, టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో అయితే రోజూ వస్తూనే ఉంటాయి, వాటిలో నీ క్లాసుకి పనికొచ్చేది ఏదో తేల్చుకునేసరికి యూనిట్ అయిపోతుంది.

ఆ బల్బుల సంగతే తీసుకో. ఫెట్ సిమ్యులేషన్స్ అని, తెర మీదే ప్రయోగం చేసి చూసేవి ఉంటాయి, అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళవి, 2001లో ఫిజిక్స్‌కి నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. డబ్బులు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. అందులో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ తెరిచి ఒక బ్యాటరీ, ఒక స్విచ్, ఒకే రకం బల్బులు రెండు వరసగా కలుపు. కలిపి ఆగు. స్విచ్ వెయ్యకు. ఏది ఎక్కువ వెలుగుతుందో పిల్లల్ని అడుగు, చేతులెత్తించి ఎంతమంది ఏమన్నారో బోర్డు మీద రాయి, ఎందుకో ఇద్దరు ముగ్గురితో చెప్పించు. "మొదటి బల్బు కరెంటు తినేస్తుంది టీచర్, రెండోదానికి మిగిలిందే వెళ్తుంది" అని ఎవరో ఒకరు అంటారు, నా క్లాసులో ఏటా అన్నారు. అప్పుడు వెయ్యి స్విచ్. రెండూ సమానంగా వెలుగుతాయి, కరెంటు కొలిచే అమ్మీటర్ బల్బుకి ముందు పెట్టినా తర్వాత పెట్టినా అదే రీడింగు. ముందు తన జవాబు చెప్పి ఉన్న పిల్లాడు అది చూసి ఊరుకోలేడు, లేచి అడుగుతాడు. నువ్వే గబగబా అన్నీ చేసి చూపించేస్తే మాత్రం తల ఊపుతారు గానీ మర్నాడు అడిగితే మళ్ళీ పాత జవాబే చెప్తారు.

ఆ మర్నాడే నిజం బల్బులతో చేయించు, రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు చాలు. ఇక్కడ ఒక చిక్కుంది, నిజం బల్బులు ఒక్కోసారి కొంచెం తేడాగా వెలుగుతాయి, పిల్లలు వెంటనే "చూశారా టీచర్" అంటారు. కంగారు పడకు. బల్బుల చోట్లు మార్చి చూపించు, ఎక్కువ వెలిగేది ఎక్కడ పెట్టినా అదే ఎక్కువ వెలుగుతుంది, అంటే తేడా బల్బుది గానీ చోటుది కాదు. ఈ ఒక్క ముక్క సిమ్యులేషన్ దానంతటది చెప్పదు, అందులో మనం మార్చకపోతే బల్బులన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి కాబట్టి.

ఇంక నెట్ సంగతి. క్లాసు టైముకి నెట్ ఉంటుందని అస్సలు నమ్మొద్దు. ఒకసారి నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టి తెర మీద తిరిగే చక్రం చూస్తూ పీరియడ్ మొత్తం పోగొట్టాను, ఆ వారమంతా మనసుకి బాధగానే ఉంది. ఫెట్ లో చాలా సిమ్యులేషన్లకి డౌన్లోడ్ గుర్తు ఉంటుంది, ఒకే ఫైలుగా దిగుతుంది, నెట్ లేకపోయినా బ్రౌజర్లో తెరుచుకుంటుంది. రాత్రి ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేస్కో, పొద్దున ప్రేయర్‌కి ముందే మీ స్కూలు డిజిటల్ బోర్డు ప్యానెల్లో ఒకసారి తెరిచి చూడు. దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్ కూడా అంతే, 2017 టీచర్స్ డే రోజు మన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా మొదలుపెట్టింది, టెక్స్ట్‌బుక్‌లో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానివి వస్తాయి, ముందే దించి పెట్టుకోవచ్చు. అన్నీ ఒకే స్థాయిలో ఉండవు, చూసి ఏరుకో.

యూట్యూబ్ విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా, చివరిదాకా చూడని వీడియో పిల్లలకి చూపించకు. ఋతువుల మీద ఒక వీడియో, తెలుగు చక్కగా ఉంది, బొమ్మలు బావున్నాయి, సగం చూసి క్లాసులో పెట్టేశా. చివర్లో భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు ఎండాకాలం అని చెప్పేశారు. అది తప్పు బుజ్జీ, భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలైలో 15.2 కోట్లు. అసలు కారణం భూమి అక్షం వంగి ఉండటం. మర్నాడు క్లాసులో నిన్న నేను చూపించింది తప్పు అని చెప్పి, డిసెంబర్లో ఆస్ట్రేలియాలో క్రికెట్ మ్యాచ్ ఎండలో ఆడతారు కదా, మనకి చలి కదా, మరి సూర్యుడు ఇద్దరికీ ఒకటే కదా అని అడిగా. అక్కడి నుంచి వాళ్ళే లాక్కొచ్చారు.

అరవింద్ గుప్తా గారి సైటు తప్పకుండా చూడు, ఐఐటీ కాన్పూర్‌లో చదివి జీవితమంతా చెత్తలోంచి సైన్స్ బొమ్మలు చెయ్యడానికే ఇచ్చేసిన మనిషి, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. పుస్తకాలు, వీడియోలు అన్నీ ఉచితం. సెల్లు, రెండు పిన్నీసులు, అయస్కాంతం, సైకిల్ ట్యూబు ముక్క, ఎనామిల్ పూత ఉన్న రాగి తీగతో మోటార్ చేస్తారు, నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. తీగ చుట్టకి ఒక కొస చుట్టూతా గీకాలి, రెండో కొస ఒకవైపు పూత వదిలెయ్యాలి. రెండూ పూర్తిగా గీకేస్తే సగం తిరిగాక బలం వెనక్కి లాగి ఆగిపోతుంది. ఎవరిది ఆగిపోతే వాళ్ళని పక్కవాళ్ళ చుట్ట చూసి రమ్మను, నువ్వు చెప్పకు.

ఆరో తరగతికి వచ్చినా తెలుగు కూడబలుక్కునే పిల్లలు నీకూ ఉంటారు. వాళ్ళ కోసం ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ ఉంది, భాష తెలుగు, లెవెల్ ఒకటి అని పెడితే పేజీకి ఒకటి రెండు వాక్యాల కథలు వస్తాయి, ప్రింటు తీసి ఇవ్వొచ్చు, మీ ఊరి మాటలకి తగ్గట్టు మార్చుకోవచ్చు కూడా, రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు మాత్రం తీసెయ్యకు.

ఈ నెలకి ఆ బల్బుల పాఠం ఒక్కటే చేసి చూడు, పిల్లలు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే రాసి నాకు పంపు. పండక్కి వచ్చేటప్పుడు మా వీధి చివర మోటార్ వైండింగ్ షాపులో రాగి తీగ తీసుకొస్తా, సెల్లులు, పిన్నీసులు నువ్వు కొని ఉంచు.

మీ పెద్దమ్మ