నీళ్ల సందేహాలు: కొండవాలు వీధికి కొళాయి ఎందుకెక్కదు?

ప్రశ్న: మాది కొండ పక్క వీధి. రెండు రోజులకోసారి గంటసేపు నీళ్లు వదులుతారు. దిగువ వీధుల్లో డ్రమ్ములు పొర్లుతుంటే మా కొళాయి బుసకొడుతుంది. కొందరు కొళాయికే మోటారు బిగించుకున్నారు. మేమూ పెట్టుకోవచ్చా?
- ఒక గృహిణి, ప్రకాశం జిల్లా

జవాబు: వద్దు. మోటారు పక్కింటి వాటాను లాక్కొస్తుందే తప్ప కొత్త నీళ్లేమీ తేదు. పైగా గొట్టం సగమే నిండి ఉన్నప్పుడు లాగితే లోపల పీడనం పడిపోతుంది. సైడు కాల్వలో మునిగిన కనెక్షన్లు ఎక్కడ కారుతుంటే అక్కడ మురుగు లోపలికి పోతుంది. మొదటి బిందె నల్లగా, వాసనగా వస్తుంటే ముందు దీన్నే అనుమానించాలి.

చిక్కంతా ఎత్తులో ఉంది. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు నేలకు 12 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. మీ వీధి ఆ నేలకన్నా 7 మీటర్లు మిట్టైతే మీకు మిగిలేది 5 మీటర్ల ఎత్తు నీటి పీడనం. దిగువన కొళాయిలన్నీ తెరిచి ఉంటే గొట్టాల రాపిడికి అదీ హరించుకుపోతుంది. ఒంటి అంతస్తు ఇళ్లకు కనీసం 7 మీటర్లు మిగలాలని సీపీహెచ్‌ఈఈఓ (కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ) వారి 1999 మాన్యువల్ లెక్క. కాబట్టి మీకు విడిగా వంతు కావాలని అడగండి. దిగువ వీధులకు లైను చీలే చోట గేటువాల్వు పెట్టి, ట్యాంకు నిండుగా ఉన్న మొదటి అరగంట మీకే వదలాలి, ఆ తర్వాత దిగువకు తెరవాలి. వాల్వును మెల్లగా తిప్పాలి. గబుక్కున తిప్పితే నీటి దెబ్బకు జాయింట్లు ఊడతాయి. మిట్ట మీద ఎయిర్‌వాల్వు ఉందో లేదో, ఉంటే మట్టి పట్టి బిగుసుకుపోయిందో చూడమనండి. గాలి పోయే దారి లేకే మీ కొళాయి బుసకొడుతోంది.

అర్జీకి ముందు ఒక పని చేయండి. దిగువన, నడుమ, పైన ఒక్కో ఇంట్లో ఒకే సమయానికి 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లకు నిండిందో వారంపాటు రాయండి. ‘నీళ్లు రావడంలేదు’ అనే పది సంతకాలకన్నా ఆ కాగితం ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) ఎక్కువ ఇరకాటంలో పెడుతుంది. ఇంట్లో అయితే రోడ్డు మట్టానికి దిగువన సంపు కట్టించి, కొళాయి గొట్టాన్ని ఫ్లోటువాల్వుతో అందులోకి దించండి. గొట్టం మూతి మాత్రం సంపు నీళ్లలో మునగకూడదు, మునిగితే లైను ఖాళీ అయినప్పుడు మీ నీళ్లే వెనక్కిపోతాయి. మోటారు సరదా ఉంటే సంపు నుంచి మేడమీదికి తీర్చుకోండి.

ప్రశ్న: మంచినీటి చెరువు నిండింది, 70 రోజులకు ఢోకాలేదన్నారు. రెండు నెలలన్నా తిరక్కముందే అడుగు తేలింది. నీళ్లెటు పోయినట్టు?
- ఒక వార్డు సభ్యుడు, సాగర్ కుడికాల్వ కింది ఊరు

జవాబు: కొంత ఎండ తాగింది, కొంత గొట్టాలు తాగాయి. ఉదాహరణకు 5 హెక్టార్ల చెరువు, వాడుకోదగ్గ లోతు 3 మీటర్లు అనుకుందాం. అంటే 15 కోట్ల లీటర్లు. జనం 30,000, తలకు 70 లీటర్లు (భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లకు పైన చెప్పిన 1999 మాన్యువల్ కొలత), వెరసి రోజుకు 21 లక్షల లీటర్లు. భాగిస్తే 71 రోజులు. మీకు చెప్పిన లెక్క ఇలాంటిదే అయ్యుండాలి.

ఇంటికి 21 లక్షలు చేరాలంటే, దారిలో 15 శాతం కారిపోయినా చెరువులోంచి 24.7 లక్షలు తోడాలి. మే నెల ఎండకు రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే 5 హెక్టార్ల మీద అది 4 లక్షల లీటర్లు. రెండూ కలిపితే 28.7 లక్షలు. 15 కోట్లు వచ్చేది 52 రోజులకే. అడుగున ఇంకేది వేరే.

కాల్వ కట్టేసే రోజు నుంచి మళ్లీ వదిలే రోజు వరకు ఎన్నాళ్లో ముందు తేల్చుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కేయాలి. గట్టున గేజీ పాతి, రోజూ పొద్దున్నే మట్టం రాయించండి. రోజువారీ తరుగు లెక్కకు మించితే వంతుల్లో కోత అప్పుడే మొదలవ్వాలి, అడుగు కనపడ్డాక కోసేదేముంటుంది? చెరువు నడుమ కట్ట వేసి రెండు చేసి, ఒకటి పూర్తిగా తోడాకే రెండోది ముట్టుకుంటే, ఆ తర్వాత ఆవిరయ్యేది సగం మేరే. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొచ్చాక చూద్దామనే మాట సభల్లో బాగుంటుంది గానీ ఈ ఏప్రిల్‌కు పనికిరాదు.

ప్రశ్న: బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 2.4 మిల్లీగ్రాములు వచ్చింది. మరిగించి తాగితే సరిపోతుందా?
- ఉదయగిరి వైపు పాఠకుడు

జవాబు: సరిపోదు సరికదా, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5 వరకు. స్నానానికి, బట్టలకు బోరు వాడుకోండి. తాగడానికి, వంటకు వాననీరు పట్టుకోండి. ఐదుగురికి రోజుకు 30 లీటర్లు, 200 రోజులకు 6,000 లీటర్ల ట్యాంకు చాలు. 50 చదరపు మీటర్ల డాబా మీద 150 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా అది నిండుతుంది. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కాబట్టి సెప్టెంబరుకల్లా డాబా కడిగేయాలి. మిరపకాయలు, వడియాలు ఆరబెట్టిన చోటు, పావురాలు వాలే పిట్టగోడ వదలొద్దు. ప్రతి వానలో మొదటి 50 లీటర్లు ఒక డ్రమ్ములోకి మళ్లించి పారబోయండి. ట్యాంకుకు వెలుతురు సోకని మూత, గొట్టాలకు దోమతెర తప్పనిసరి. బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు 4 గ్రాములు, అంటే 6,000కు 24 గ్రాములు. బకెట్లో కలిపి తేర్చి పైతేట మాత్రమే పోయండి. అరగంట తర్వాత క్లోరిన్ కిట్‌తో చూస్తే 0.2 మిల్లీగ్రాములన్నా ఉండాలి. తగ్గితే మొదట పౌడర్‌నే అనుమానించండి, మూత సరిగా పెట్టని డబ్బాలో దాని పస పోతుంది.